సరంగు వద్దన్నాడంటే వద్దు

పడవ ఎక్కబోతుంటే కెప్టెన్ ముందుగా అడిగింది పాస్‌పోర్టులు కాదు, చెప్పులు. గట్టు మీద ఒక పెద్ద బుట్ట పెట్టి అందరి చెప్పులూ బూట్లూ అందులో వేయమన్నాడు. వారం రోజులు పడవ మీద ఒట్టి కాళ్లతోనే తిరగాలట. మా ఆయన ఈ ప్రయాణం కోసమే కొన్న కొత్త బూట్లు కూడా, ధర చీటీ తీసిన గంటలోపే, ఆ బుట్టలోకి వెళ్లిపోయాయి. నాన్న నవ్వాపుకోలేకపోయారు. "ముప్ఫై ఏళ్లు చెప్పాను మీకు, గుమ్మం బయట విప్పండర్రా అని. ఈయన ఒక్క మాటతో విప్పించాడు చూడు" అన్నారు.

2025 జూన్‌లో మేం వెళ్లింది సార్డీనియాకి. ఇటలీకి చెందిన దీవి, మధ్యధరా సముద్రంలో సిసిలీ తర్వాత ఇదే పెద్దది. మొత్తం ఎనిమిది మందిమి. ఇంగ్లండ్ నుంచి నేను, మా ఆయన, పద్నాలుగేళ్ల మా అబ్బాయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తమ్ముడు, మరదలు. మిలాన్‌లో ఉంటున్న నా ఇంజనీరింగ్ స్నేహితురాలు, వాళ్లాయన. ఎనిమిదో మనిషి నాన్న. డెబ్బై నాలుగేళ్లు. కాకినాడ రేవులో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఆయన వీసాల కథ వేరే రాయాలి, ఇక్కడ వద్దు.

డబ్బు సంగతి మొదటే చెప్పేస్తాను, ఎవరు విన్నా అడిగేది అదే కాబట్టి. నాలుగు గదులున్న యాభై అడుగుల కాటమరాన్, ఒక కెప్టెన్, వంటా మిగతా పనులూ చూసే ఒక అమ్మాయి. పన్నుతో కలిపి వారానికి 14,000 యూరోలు. ఇంతటితో అయిపోయిందనుకున్నాం. కాలేదు. ఇది అద్దె మాత్రమే. దీని మీద ఏపీఏ అని ఇంకో సొమ్ము ముందే కట్టాలి. మాకు అద్దెలో పాతిక శాతం, అంటే 3,500. డీజిలు, తిండి, రేవు రుసుములు, నేషనల్ పార్కు అనుమతి అన్నీ అందులోంచి కెప్టెన్ ఖర్చుపెట్టి, బిల్లులు దాచి, మిగిలింది ఆఖరి రోజు తిరిగిస్తాడు. తక్కువైతే మనమే ఇవ్వాలి. సిబ్బందికి బక్షీసు దీనికి బయట. తలా రెండు వేల రెండొందల దాకా పడింది. జూలై, ఆగస్టుల్లో అయితే ఇంకా మండిపోతుంది.

ఏపీఏ అంటే ఏమిటో తమ్ముడు వివరిస్తుంటే నాన్న జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశారు. కాకినాడ పాత రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేవు. దూరంగా లంగరేసుకుని ఉంటే బార్జీల మీద సరుకు వెళ్లేది. ఎన్ని బస్తాలు ఎక్కాయి, ఎన్ని దిగాయి అని లెక్క రాయడమే జీవితమంతా ఆయన పని. "ఆయన పద్దు ఆయన రాసుకుంటాడు, నా పద్దు నేను రాసుకుంటాను. శనివారం రెండూ కలిపి చూద్దాం" అన్నారు. సెలవులకి వచ్చి ఇదేమిటి నాన్నా అంటే వినరు.

కాటమరాన్ అన్న మాట తమిళ 'కట్టుమరం' లోంచి ఇంగ్లీషులోకి వెళ్లింది. దుంగలు కలిపి కట్టినది అని అర్థం. మనం తెప్ప అంటాం. పోలిక పేరుతోనే సరి. ఇప్పటి కాటమరాన్ అంటే రెండు సన్నటి పడవల్ని ఎడంగా నిలబెట్టి మధ్యలో వసారా వేసినట్టుంటుంది. అందుకే ఎక్కువ ఒరగదు, పెద్దవాళ్లకి నయం. ఉప్పాడలో తెప్పల మీద వేటకెళ్లేవాళ్లని చూస్తూ పెరిగిన నాన్న మాత్రం మెత్తటి సోఫాలూ ఫ్రిజ్జులూ చూసి, "తెప్పకి వారానికి పద్నాలుగు లక్షలా!" అని ముక్కున వేలేసుకున్నారు.

ఒల్బియా విమానాశ్రయం నుంచి పోర్టిస్కో రేవుకి కారులో కొంచెం దూరమే. ఆదివారం పొద్దున్న అక్కడినుంచి బయల్దేరి కోస్టా స్మెరాల్డా తీరం వెంట ఉత్తరానికి వెళ్లాం. మరకత తీరం అని అర్థం. నీళ్లు చూస్తే ఆ పేరు అతిశయోక్తి అనిపించదు. కానీ ఈ పేరు పాతది కాదు. 1962లో ఇస్మాయిలీ ముస్లింల గురువు నాలుగో ఆగాఖాన్, మరికొందరు డబ్బున్నవాళ్లు కలిసి ఒక కన్సార్షియం పెట్టి ఈ తీరాన్ని కట్టారు. అంతకుముందు ఇక్కడ మేకలు, గొర్రెలు, రాళ్లు, తుప్పలే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ కొట్టి అణిచేదాకా సార్డీనియా పల్లపు ప్రాంతాల్లో మలేరియా. సాగుకి పనికిరాని సముద్రపు ఒడ్డు నేలని కొడుకులకి కాక కూతుళ్ల వాటాకి వదిలేసేవారని కెప్టెన్ చెప్పాడు. ఆ కూతుళ్ల దశ తిరిగిందన్నమాట. నాకీ కథ తెగ నచ్చింది. ఎంత నిజమో గానీ, ఇక్కడ అందరూ చెప్పుకునేదేనట.

పోర్టో చెర్వోలో గంటసేపు దిగాం. ఇళ్లన్నీ పొట్టిగా, కొండరంగులో, చెట్లలో కలిసిపోయి ఉంటాయి. ఎత్తు కట్టకూడదని నియమం. రేవులో మాత్రం అలాంటి సిగ్గేమీ లేదు. మూడంతస్తుల యాట్‌లు, వాటి మీద తెల్లచొక్కా కుర్రాళ్లు రెయిలింగులు తుడుస్తూ. తుడిచిందే తుడవడం. మేం కాఫీ తాగాం. ఒక్కోటి ఎనిమిది యూరోలు. నాన్న తన వంతు కాఫీ మానేసి, పుస్తకంలో మాత్రం అందరివీ రాశారు. ఆ ఊరి గురించి నాకు ఇంతకంటే చెప్పాలని లేదు.

పడవ మీద అసలు విలాసం మంచినీళ్లు. మా ట్యాంకుల్లో ఎనిమిది వందల లీటర్లు, పదిమందికి. మొదటిరోజు సాయంత్రానికే మీటరు చూసి కెప్టెన్ మొహం మాడింది. మా మరదలూ నేనూ షవరు కింద తలస్నానాలు చేశాం మరి. అప్పటినుంచి పద్ధతి మార్చాడు. ముందు సముద్రంలో మునగాలి, వెనక మెట్ల దగ్గర సబ్బు, ఆఖర్న మంచినీళ్లతో ఒక్క నిమిషం. నాన్నకి ఆ ఒక్క నిమిషమూ అక్కర్లేదు. వంటమ్మాయి దగ్గర స్టీలు గిన్నె అడిగి తీసుకుని, అరబకెట్టుతో చెంబు స్నానం కానిచ్చేవారు. కెప్టెన్ అది చూసి మా అందరికీ ఆయన్నే ఆదర్శంగా చూపించడం మొదలుపెట్టాడు. ఇక టాయిలెట్టు నియమం ఇక్కడ పూర్తిగా రాయలేను. నువ్వు తిన్నది తప్ప ఇంకేదీ అందులో పడకూడదు, కాగితమైనా సరే.

తిండి గురించి భయపడ్డాం, అనవసరంగా. నెలముందే ఒక ఫారం పంపి ఎవరేం తింటారో రాయించుకున్నారు. శనివారం నాన్న నీచు తినరని కూడా రాశాను. ఇక్కడి పలచటి కరకరలాడే రొట్టెని పానె కరసావు అంటారు. గొర్రెల కాపర్లు నెలల తరబడి మూటకట్టుకుని తీసుకెళ్లేవాళ్లట. మనకైతే పెద్ద అప్పడం. ఆవకాయ నంజుకుని నాన్న ఒక కట్ట లాగించారు. కులుర్జోనెస్ అని బంగాళదుంప, గొర్రెపాల జున్ను, పుదీనా కూరి ఉడికించినవి పెట్టింది ఒక రాత్రి. వాటి అంచు మూసే తీరు చూడాలి, అచ్చం మా అమ్మ కజ్జికాయ అంచు అల్లినట్టే. ఆ అమ్మాయి చేతివేళ్లని నాన్న చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. అమ్మ పోయి నాలుగేళ్లు.

సోమవారం కప్రేరా. ఇది మద్దలేనా ద్వీపసమూహంలో ఒకటి. పెద్దవి ఏడు దీవులు, 1994 నుంచి అదంతా నేషనల్ పార్కు. ఇటలీని ఏకం చేసిన గరిబాల్డీ చివరి పాతికేళ్లూ ఇక్కడే ఇల్లు కట్టుకుని వ్యవసాయం చేశాడు. ఇంట్లో గడియారం ఆయన పోయిన క్షణం దగ్గరే ఆపేసి ఉంది, 1882 జూన్ 2, సాయంత్రం ఆరూ ఇరవై. పెరట్లో కూతురు పుట్టినప్పుడు నాటిన పైన్ చెట్టు బ్రహ్మాండంగా ఉంది. రాజ్యాలు గెలిచి రాజుకి అప్పజెప్పి వచ్చినవాడి సమాధి చెక్కని గ్రానైటు బండ. మా అబ్బాయికి ఇవేవీ పట్టలేదు, బయట తోటలో బల్లుల వెంటపడ్డాడు.

వాడికి పట్టింది లంగరు. ఇక్కడ సముద్రపు అడుగున పొసిడోనియా అనే గడ్డి పెరుగుతుంది. నాచు కాదు, వేళ్లూ పూలూ ఉన్న నిజమైన గడ్డి. చేపపిల్లలు పెరిగేది అందులోనే. లంగరు దాన్ని దున్నేస్తే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి గడ్డి మీద లంగరు వేయకూడదు. నీళ్లలో నల్లగా కనిపిస్తే గడ్డి, లేతగా కనిపిస్తే ఇసుక. పడవ ముక్కు దగ్గర నిలబడి "ఇసుక! ఇసుక!" అని చేయి చూపించే ఉద్యోగం వాడికి దొరికింది. ఐదు మీటర్ల లోతుకి పాతిక మీటర్ల గొలుసు వదలాలని, పట్టేది లంగరు మొన ఒక్కటే కాదు, అడుగున పరుచుకున్న గొలుసు బరువు కూడా అని కెప్టెన్ వాడికి నేర్పాడు. నాన్న పక్కనుంచి తల ఊపుతూనే ఉన్నారు.

మంగళవారం బుదెల్లి దీవి. ఇక్కడి గులాబి ఇసుక తీరం ఫొటోలు చూసే మరదలు ఈ ప్రయాణానికి ఒప్పుకుంది. ఆ రంగు పొసిడోనియా మధ్య బతికే చిన్న జీవి గుల్లల వల్ల వస్తుంది. జనం సీసాల్లో నింపుకుపోతుంటే తొంభైల్లో ఆ తీరాన్ని పూర్తిగా మూసేశారు. దిగడం లేదు, ఈదుకుంటూ వెళ్లడం లేదు. దూరంగా నీళ్ల మీద తేలే బోయాల వరుస దగ్గర నిలబడి చూడాల్సిందే. నిజం చెప్పాలంటే, మేం చూసినప్పుడు గులాబి రంగు అంతంతమాత్రం. కానీ మౌరో మొరాండి కథ విన్నాక ఆ ఒడ్డు మీదనుంచి కళ్లు తిప్పలేకపోయాను. 1989లో పసిఫిక్ దీవులకి బయల్దేరిన ఆయన కాటమరాన్ ఇక్కడికొచ్చి పాడైంది. కాపలాదారు ఉద్యోగం ఖాళీ అవుతోందని తెలిసి ఉండిపోయాడు. ముప్ఫై రెండేళ్లు ఒక్కడే ఉన్నాడు. 2021లో పార్కువాళ్లు ఖాళీ చేయమంటే మద్దలేనాలో చిన్న ఇంటికి మారాడు. మేం వెళ్లడానికి ఐదు నెలల ముందు, జనవరిలో పోయాడు.

అక్కడినుంచి చూస్తే ఉత్తరాన జలసంధి అవతల తెల్లటి సున్నపురాతి కొండలు కనిపించాయి. బోనిఫాసియో. అది కోర్సికా, ఫ్రాన్సు. కొండ అంచున వేలాడుతున్నట్టుండే ఊరు. బుధవారం మా ప్రయాణం అక్కడికే. మా ఆయన దీనికోసం నెలరోజులుగా వీడియోలు చూస్తున్నాడు.

మంగళవారం మూడింటికి కెప్టెన్ ఫోన్ చూసుకుని, "రేపు బోనిఫాసియో లేదు. ఎల్లుండి కూడా లేదు. ఇప్పుడే లంగరు తీస్తున్నాం" అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. మాయెస్త్రాలె వస్తోందట. ఫ్రాన్సు వైపునుంచి వచ్చే వాయవ్యపు గాలి. కోర్సికాకీ సార్డీనియాకీ మధ్య సందు పన్నెండు కిలోమీటర్లు కూడా ఉండదు. అందులో దూరేసరికి గాలికి పిచ్చెక్కుతుంది.

ఇంత డబ్బు కట్టాం, కనీసం దగ్గరిదాకా వెళ్లి చూసొద్దాం అన్నాడు మా ఆయన. స్నేహితురాలి భర్త అద్దె ఒప్పందం కాగితం తీశాడు. వాతావరణం విషయంలో కెప్టెన్‌దే తుది మాట అని అందులోనే ఉంది. అయినా వాదన ఆగలేదు. టెన్షన్ మొదలైంది. అప్పుడు నాన్న లేచారు. "అల్లుడుగారూ, గోదావరి లాంచీ అయినా, ఈ తెప్ప అయినా, సరంగు వద్దన్నాడంటే వద్దు. అంతే."

కెప్టెన్‌కి తెలుగు రాదు. కానీ ఏం జరిగిందో అర్థమైనట్టుంది. చుక్కాని తిప్పుతూ మధ్యలో ఉన్న లావెట్సీ దీవుల వైపు చూపించి చెప్పాడు. 1855లో క్రిమియా యుద్ధానికి సైనికుల్ని తీసుకెళ్తున్న సెమియాంత్ అనే ఫ్రెంచి యుద్ధనౌక తుఫానులో ఆ రాళ్లకి కొట్టుకుంది. సుమారు ఏడు వందల మంది. ఒక్కరు మిగల్లేదు. వాళ్ల శ్మశానాలు ఆ దీవి మీదే ఉన్నాయి. మా ఆయన ఇంకేమీ అనలేదు.

కప్రేరాకి దక్షిణాన పోర్టో పాల్మా అనే కడుపులాంటి అఖాతంలో దాక్కున్నాం. రాత్రి పదకొండింటికి గాలి మొదలైంది. స్తంభం తాళ్లు ఈలవేయడం, గొలుసు గుంజుకుంటుంటే పడవ ఒళ్లంతా మూలగడం. మరదలికి కడుపులో తిప్పి అల్లం ముక్క నములుతూ పడుకుంది. రెండింటికి పైకొస్తే కెప్టెన్, నాన్న పక్కపక్కన కూర్చుని ఉన్నారు, దుప్పట్లు కప్పుకుని. ఇద్దరికీ కలిసిన భాష లేదు. ఒడ్డున ఒక దీపాన్ని గుర్తుపెట్టుకుని, పడవ జరుగుతోందా లేదా అని చూస్తున్నారు. ఫోన్‌లో దానికి అలారం ఉంది. అయినా చూస్తున్నారు.

బుధ, గురు రెండు రోజులూ అక్కడే. పేకాట, నిద్ర, మళ్లీ పేకాట. నాన్న మా అబ్బాయికి ముడులు నేర్పారు. గురువారం సాయంత్రానికి గాలి తగ్గింది, శుక్రవారం పోర్టిస్కోకి తిరిగి వచ్చేశాం. ఇలాంటి పడవ అద్దె మామూలుగా శనివారం నుంచి శనివారం అంటారు గానీ, శుక్రవారం రాత్రికే రేవులో ఉండాలి. వారం అంటే నిజానికి ఐదున్నర రోజులు. ఇది ఎవరూ ముందు చెప్పరు, నేను చెబుతున్నాను.

శనివారం పొద్దున్న దిగేముందు కెప్టెన్ అందరి బూట్లూ దులపమన్నాడు. ఇసుకా, గుల్లలూ పట్టుకెళ్తే 500 నుంచి 3,000 యూరోల దాకా జరిమానా, 2017 నుంచి ఇక్కడి చట్టం. మా అబ్బాయి జేబులోంచి రెండు గుల్లలు బయటపడ్డాయి, నీళ్లలోకి పోయాయి.

తర్వాత లెక్క. బిల్లుల కవరు, నాన్న పుస్తకం, రెండూ బల్లమీదికొచ్చాయి. రెండు రోజులు కదల్లేదు కాబట్టి డీజిలు మిగిలింది. ఫ్రాన్సు వెళ్లలేదు కాబట్టి అక్కడి రేవు రుసుమూ మిగిలింది. కెప్టెన్ 1,146 యూరోలు లెక్కపెట్టి ఇచ్చాడు. నాన్న రెండుసార్లు లెక్కపెట్టుకుని, పుస్తకం చూసుకుని, ఆరు యూరోలు వెనక్కి తోశారు. ఎక్కువిచ్చావు అని. అది కుర్రాడి ఐస్‌క్రీంకి, నా తరఫున అని అతను మళ్లీ ఇటు తోశాడు. ఇది మూడుసార్లు జరిగింది. చివరికి నాన్న ఆ డబ్బు మనవడి చేతిలో పెట్టి, కళ్లజోడు సర్దుకుని, పద్దు ఆఖరి వరసలో రాసుకున్నారు: "సరంగు గారి తాలూకు, ఐస్‌క్రీం, 6."