తిరుపతి ఎండల్లో బ్యాగ్‌పైప్: తేమతో నా తంటాలు

ఆర్మీలో నేను బ్యాగ్‌పైప్ (గాలి నింపిన సంచికి గొట్టాలు తగిలించిన వాద్యం, మేం పైపులంటాం) నేర్చుకున్నది వెల్లింగ్టన్‌లో. నీలగిరుల చలిలో తేమ గురించి ఎవరమూ పెద్దగా పట్టించుకోలేదు. వాయించాక తుడిచి పెట్టెలో పెట్టేస్తే సరిపోయేది. రిటైరై తిరుపతిలో స్థిరపడి, ఓ స్కూలు పిల్లలకు బ్యాండ్ నేర్పడం మొదలుపెట్టాకే అసలు కథ మొదలైంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నా సెట్టు మీరట్‌లో చేసిన శీశమ్ కర్రది. స్కాట్లాండ్ వాళ్లు వాడే ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ అంత గట్టిది కాదు, తేమకు తొందరగా స్పందిస్తుంది. మే నెలలో ఓ సాయంత్రం బాస్ డ్రోన్ (ఒకే శ్రుతి మోగించే పొడవాటి గొట్టం) ఎత్తితే పై ముక్క కదిలిపోతోంది. జాయింటుకు చుట్టిన మైనపు దారం చెక్కుచెదరలేదు, కర్రే చిక్కిపోయింది. అంచుల్లోని రింగులు వేలితో తిప్పితే తిరిగిపోతున్నాయి. ఇంకో నాలుగు చుట్లు దారం చుడితే ఆ పూటకు గడుస్తుంది. కానీ వానలు పడ్డాక కర్ర ఉబ్బి అదే జాయింటు ఊడిరానంటుంది, బలవంతంగా లాగితే సాకెట్ పగులుతుంది. అందుకే దారం జోలికి పోకుండా ముందు ఇంట్లో గాలి సంగతి చూద్దామనుకున్నాను.

ఆన్‌లైన్‌లో ఓ చిన్న తేమ మీటర్ తెప్పించాను. దాన్ని నమ్మొచ్చో లేదో తెలుసుకోవడానికి ఉప్పు చాలు. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా నీటి చుక్కలు వేయాలి, ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటర్‌నూ జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేయాలి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. నా మీటర్ 66 చూపించింది! అమ్మినవాళ్లకు మెసేజ్ పెడితే ‘డెలివరీ పూర్తయింది, ధన్యవాదాలు’ అని జవాబొచ్చింది. పోనీలే అని వెనకాల ‘+9’ అని స్టిక్కర్ అంటించి అదే వాడుతున్నాను.

దాన్ని ఇల్లంతా తిప్పాను. ఏసీ వేసిన బెడ్రూంలో 45. కూలర్ తిరిగే హాల్లో 75 పైనే. శ్లాబు కింద అటక మీద మధ్యాహ్నం 30. ఒకే ఇంట్లో మూడు ఊళ్ల వాతావరణం! హాల్లో వాయించి, బెడ్రూంలో పెట్టి, సెలవులొస్తే అటకెక్కిస్తే కర్ర ఏమవుతుంది? వాయించేటప్పుడు ఊపిరి తడికి లోపలి వైపు ఉబ్బుతుంది, ఏసీ గాలికి బయటి వైపు ముడుచుకుంటుంది. పగుళ్లు వచ్చేది ఆ గుంజులాటలోనే. విదేశాల పైపర్లు చెప్పే సలహాల్లో చాలావరకు, చలికాలం హీటర్లతో ఎండిపోయే ఇళ్ల కోసం, తేమ పెంచమనేవే. మనకవి మే, జూన్‌లలో పనికొస్తాయి. నవంబర్‌లో అవే పాటిస్తే బూజును పిలిచి పీట వేసినట్టే.

ఇప్పుడు పైపుల పెట్టె మధ్య గదిలో, పడమటి గోడకు దూరంగా, చెక్క బీరువాలో ఉంటోంది. లోపల గిటార్ల కోసం అమ్మే, తేమను 49 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్ పెట్టాను. గాలి పొడిగా ఉంటే తేమ వదులుతుంది, ఎక్కువైతే పీల్చుకుంటుంది. సిలికా జెల్‌కు అలా ఆగడం తెలీదు, పీల్చుకుంటూనే పోతుంది. కర్ర ఉన్న పెట్టెలో దాన్ని ఊరికే పడేయడం నాకిష్టం లేదు. గాలికి అదిరి శబ్దం పుట్టించే రీడ్లకు మాత్రం రబ్బరు అంచున్న వేరే డబ్బా, అందులో 60, 65 మధ్య ఉండేలా చూస్తాను. వేళ్లతో స్వరాలు పలికించే గొట్టాన్ని చాంటర్ అంటాం, రెండు పలుచని రెల్లు రేకులను దారంతో కట్టింది దాని రీడ్. ఎండితే గొంతు సన్నబడి శ్రుతి నిలవదు, మరీ నానితే మొద్దుబారిపోతుంది.

పక్కింట్లో నాదస్వరం విద్వాంసుడొకాయన ఉన్నారు. వాయిద్యానికి దారంతో వేలాడే సీవాళిల్లో (నాదస్వరం రీడ్లలో) ఒకటి తీసి నోట్లో నానబెట్టుకుని కచేరీకి సిద్ధమైపోతారు. నా డబ్బాలు చూసి, “ఏం సార్, దీనికి ఉయ్యాల కూడా కట్టిస్తారా?” అన్నారు. ఆయనకేం, రీడ్ పెదాల మధ్యే ఉంటుంది. మాది సంచి అవతల గొట్టంలో ఉండిపోతుంది, నోటికందదు.

ఈశాన్య రుతుపవనాలొచ్చాక పని తిరగబడుతుంది. వారం పాటు ముసురు పట్టినప్పుడు మీటర్ 85 దిగదు. ఓసారి చాంటర్ మూత తీస్తే ముక్కిన వాసన, రీడ్ మొదట్లో నల్లటి చుక్కలు. ఆ రీడ్ పారేశాను, కడిగి వాడుకుందామన్న ఆలోచనే పెట్టుకోలేదు. 2016లో ‘థొరాక్స్’ అనే వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. ఇంగ్లండ్‌లో రోజూ బ్యాగ్‌పైప్ వాయించే ఒకాయన ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయారు. పైపులు తీసుకెళ్లకుండా ఆస్ట్రేలియాలో మూడు నెలలున్నప్పుడు ఆయనకు నెమ్మదించిందట. తర్వాత పరీక్షిస్తే సంచిలోనూ పైపులోనూ రకరకాల బూజులు దొరికాయి. జబ్బుకు కారణం అవే అయ్యుంటాయని డాక్టర్లు భావించారు. అది చదివాక, వానాకాలంలో వాయించిన వెంటనే డ్రోన్లు ఊడదీసి, లోపల గుడ్డతో లాగి తుడిచి, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా ఆరనిచ్చాకే పెట్టెలో పెడుతున్నాను. పిల్లలకూ అదే అలవాటు చేశాను, విసుక్కుంటూనే చేస్తారు.

స్కూలు సెట్లు మాత్రం ఇంకా ఆఫీసు గది ఇనుప బీరువాలోనే ఉన్నాయి, కిటికీ ఎండంతా దాని మీదే. జనవరి 26 పరేడ్ లోపు దాన్ని అవతలి గోడకు జరిపించాలి. హెడ్మాస్టర్ గారు సరేనన్నారు, మోయడానికి మనుషులు దొరకాలి.