గోజు ర్యూ షోడాన్ గ్రేడింగ్: అసలు పరీక్ష సాంచినే

మొన్న ఆదివారం గోజు ర్యూ (ఒకినావా కరాటే శైలి) షోడాన్ (మొదటి బ్లాక్ బెల్ట్) గ్రేడింగ్ గట్టెక్కాను. భుజాల మీద ఎగ్జామినర్ అరచేతుల ఎరుపు ఇంకా పోలేదు. ఈ వేడి మీదే రాసేస్తే తర్వాత వెళ్లేవాళ్లకి పనికొస్తుంది.

కిహోన్ (ప్రాథమిక దెబ్బలు, అడ్డుకోవడాలు) గురించి రాయడానికేం లేదు. గెకిసాయ్ రెండు కటాలూ (వరసగా చేసే కదలికల కూర్పులు) ఈ శైలి స్థాపకుడు మియాగి చోజున్ 1940లో కొత్తవాళ్ల కోసం కూర్చినవి, రోజూ చేసేవాళ్లకి అవి నిద్రలోనూ వస్తాయి. సైఫా కటా కూడా అలాగే వచ్చేస్తుంది. సెయుంచిన్ కటాలో కాలితో తన్నడమే ఉండదు, చాలాభాగం షికో దాచిలో (కాళ్లు బాగా చాపి కిందికి దిగే భంగిమ) కూర్చుని నడవాలి కాబట్టి తొడలు మండుతాయి. కుమితే (ఎదుటివాళ్లతో పోరు) సులువుగా అయిపోయింది.

ఆ తర్వాత గీ (కరాటే దుస్తులు) పైచొక్కా తీసి పక్కన పెట్టమన్నారు (ఆడపిల్లలు టీషర్ట్‌తో చేస్తారు). సాంచిన్ (ఒళ్లు బిగించి ఊపిరితో నెమ్మదిగా చేసే కటా) చేసేటప్పుడు ఏ కండ బిగిసింది, ఏది వదులుగా ఉంది అన్నది కనబడాలి, అందుకే ఈ పద్ధతి. మొదటి అడుగు వేసి రెండు చేతులూ కమాయెలోకి (సిద్ధంగా నిలిచే భంగిమ) తెచ్చానో లేదో, ఎగ్జామినర్ వెనక నుంచి రెండు భుజాల మీదా చేతులు పెట్టి కిందికి నొక్కారు. "భుజాలు పైన ఉన్నాయి. మొదటి నుంచి." మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అదే మాట. ఆరెంజ్ బెల్ట్ పిల్లలు గోడవారగా కూర్చుని చూస్తుండగా, బిగించినకొద్దీ తూలిపోతున్నాను. ఒక వేలితో మోచేతిని నెడితే ఒళ్లంతా ఊగింది. ఇంత బలం పెడుతుంటే ఎందుకు ఊగుతున్నానో ఆ క్షణంలో అస్సలు అర్థం కాలేదు.

కారణం ఇదీ. మెడ పక్క కండలూ ఛాతీ బిగిస్తే భుజం పైకి లేస్తుంది. భుజం లేస్తే చంక కింద ఖాళీ అయిపోయి చేతికీ నడుముకీ లంకె తెగుతుంది. బిగింపు ఉండాల్సింది చంక కింద వీపు పక్కన, పొత్తికడుపులో, తొడల లోపలి వైపు. పిడికిలి భుజం ఎత్తులో, మోచేయి పక్కటెముకలకి ఒక పిడికిలి దూరంలో ఉండాలి. మోచేయి బయటికి జారితే మిగతాదంతా జారిపోతుంది. పాదాల మధ్య భుజాల వెడల్పు, ముందు కాలి మడమ వెనక కాలి బొటనవేలికి సమాన రేఖలో, వేళ్లు కాస్త లోపలికి. మోకాళ్లు కొంచెం వంచి పిరుదుల్ని లోపలికి తీసుకోవాలి. నడుము వెనక గుంట పడితే పొట్ట ముందుకొస్తుంది, అప్పుడు ఎగ్జామినర్ పొట్ట మీద కొట్టే దెబ్బ నేరుగా లోపలికి దిగుతుంది.

ఊపిరి దగ్గరే ఎక్కువమంది పాడవుతున్నారు. నేను మొదట నేర్చుకున్న డోజోలో (శిక్షణశాల) గొంతు బొంగురు పెట్టి, మొహం ఎర్రబడేలా గాలి బిగపట్టి చేయించేవారు. పోటీల్లో జడ్జీలకి గట్టిగా వినబడాలట! బిగింపులో ఊపిరి ఆపితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది, కళ్లు తిరుగుతాయి. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా పూర్తి బిగింపుతో సాంచిన్ చేయకూడదు. ముక్కుతో పీల్చి, పొత్తికడుపు దాకా దింపి, నోటితో వదలాలి. గుద్దు వెళ్లినంతసేపూ గాలి వెళ్తూనే ఉండాలి, గుద్దు ఆగినచోట చిన్నగా తెంచాలి. శబ్దం పొట్ట నుంచి రావాలి. గొంతు గీరుకుంటోందంటే గొంతు మూసుకుందని అర్థం. చేసే పద్ధతి తెలియనివాళ్లు పిల్లలతో సాంచిన్ చేయించడం నేరమని నా అభిప్రాయం.

ఈ కటాకి ఇంత పట్టింపు ఊరికే రాలేదు. మియాగి గురువు హిగావోన్నా కన్ర్యో కుర్రతనంలో ఒకినావాలోని నాహా నుంచి చైనాలోని ఫూజౌ వెళ్లి నేర్చుకొచ్చిన విద్యకి ఇదే పునాది. అప్పట్లో అరచేతులు తెరిచి చేసేవారు, పిడికిలి తర్వాత వచ్చింది. ఆయన శిష్యుడు మియాగి వెనక్కి తిరగడాలు లేని సాంచిన్ కూర్చారు, అరచేతులు మెత్తగా తిరిగే తెన్షో కటాని దానికి జోడీగా పెట్టారు. బిగింపు ఒకవైపు, మెత్తదనం ఒకవైపు. 1933లో బుతోకుకాయ్‌లో (జపాన్ యుద్ధవిద్యల సంఘం) నమోదైన గోజు (గో గట్టిది, జు మెత్తనిది) అన్న పేరులోనే ఈ రెండూ ఉన్నాయి. తెన్షో వదిలేసి సాంచిన్ ఒక్కటే చేసేవాళ్ల భుజాలు కిందికి దిగవు.

మూడోసారి మోచేతుల్ని లోపలికి తెచ్చి, భుజాలు వదిలేసి, చంకలు మాత్రం బిగించాను. ఎగ్జామినర్ రెండు భుజాల మీదా చాచి కొట్టారు, తొడల మీద కాలితో తట్టారు, వెనక్కి లాక్కుంటున్న పిడికిలిని పట్టుకుని ఆపాలని చూశారు. అడుగు కదల్లేదు. ఆ హాల్లో ఆ రోజు అంత గట్టిగా నిలబడ్డవాళ్లు తక్కువే, ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

వెళ్లబోయేవాళ్లు జిమ్‌లో బెంచ్ ప్రెస్ కాస్త తగ్గించండి. అది ఛాతీ బిగింపునే అలవాటు చేస్తుంది. చీ ఇషీ అనే బరువు తయారు చేసుకోండి: కర్ర కొసన సిమెంటు దిమ్మ, మొదట రెండు కిలోలు చాలు. మణికట్టు వంగకుండా తిప్పాలి. నిగిరి గామెకి (వేళ్లతో పట్టి మోసే జాడీలు) రెండు జాడీలు, మూతి వేళ్లతో పట్టుకునేంత వెడల్పుండాలి. ఖాళీగా మొదలుపెట్టి వారం వారం గుప్పెడు ఇసుక పోస్తూ, సాంచిన్ అడుగులతోనే నడవండి. జాడీ అంచుని వేళ్లతో పట్టి భుజం దించి ఉంచితే చంక కింద ఏది బిగియాలో దానంతట అదే తెలుస్తుంది. జోడీ ఉంటే కకియే చేయండి, మణికట్లు ఆనించి ఒకరినొకరు నెట్టుకోవడంలో భుజం లేచిన మనిషి వెంటనే దొరికిపోతాడు.

ఫీజు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: గ్రేడింగ్‌లో సాంచిన్‌కి చేతులతో పరీక్ష పెడతారా లేదా? లేదంటే ఆ బెల్ట్‌కి డబ్బు కట్టకండి.