అమ్మానాన్నలతో ఈజిప్టుకి: మా ప్లాను ఎలా కుదిరిందంటే

మ్యాపులో చూస్తే ఈజిప్టు చాలా పెద్ద దేశం. కానీ మొదటిసారి వెళ్లేవాళ్లు చూడాలనుకునేవి దాదాపు అన్నీ నైలు నది వెంబడే ఉంటాయి. ఉత్తరాన కైరో, దాన్ని ఆనుకుని గిజా పిరమిడ్లు. నది వెంట దక్షిణానికి ఆరేడు వందల కిలోమీటర్లు వెళ్తే లక్సర్, ఇంకో రెండు వందలు దాటితే అస్వాన్. అక్కణ్నుంచి సూడాన్ సరిహద్దు వైపు ఎడారి రోడ్డులో మరో 280 కిలోమీటర్లు పోతే కొండని తొలిచి చేసిన గుళ్లున్న అబూ సింబెల్. మా ప్లానంతా ఆ చివరి 280 కిలోమీటర్ల చుట్టూనే తిరిగింది.

వెళ్లేది అమ్మ, నాన్న, నేను. అమ్మ మాచర్ల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. నైలు నదీ నాగరికత పాఠం ఎన్ని బ్యాచులకు చెప్పిందో లెక్కలేదు. నాన్నకి మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ శాకాహారులు. ఈ మూడు సంగతులూ ముందుపెట్టుకునే పని మొదలుపెట్టాను.

మొదట ఒక ట్రావెల్స్ వాళ్లని అడిగితే ఇచ్చిన ప్యాకేజీలో కైరో, అలెగ్జాండ్రియా, లక్సర్, ఎర్రసముద్రం ఒడ్డున హుర్ఘాదా ఉన్నాయి. అబూ సింబెల్ లేదు. "తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాలండీ. పోను మూడున్నర గంటలు, రాను మూడున్నర గంటలు. పెద్దవాళ్లకి కష్టం" అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. అమ్మ మాత్రం కాగితం చూసి, "హుర్ఘాదాలో ఏముందే?" అంది. బీచ్ అన్నాను. "మనకి సూర్యలంక ఉందిగా. అది తీసేసి అబూ సింబెల్ పెట్టు" అంది.

ఆ పట్టుదల ఎందుకో నాకు తెలుసు. అమ్మ ఏటా పిల్లల్ని విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండకి ఎక్స్‌కర్షన్ తీసుకెళ్లేది. సాగర్ డ్యాము కడితే ఆ లోయంతా మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపారు. ఇక్ష్వాకుల కాలపు కట్టడాలు కొన్నింటిని విప్పి, కొండ మీదా అనుపు దగ్గరా మళ్లీ కట్టారు. దాదాపు అదే కాలంలో నైలు మీద అస్వాన్ హై డ్యాము కడుతున్నారు. దాని వెనక నీళ్లలో అబూ సింబెల్ మునగాల్సింది. యునెస్కో పూనుకోవడంతో 1964 నుంచి 1968 వరకు ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ కొండలో తొలిపించిన ఆ గుళ్లని పెద్ద పెద్ద దిమ్మలుగా కోసి, 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి జరిపి నిలబెట్టారు. అమ్మకి పిరమిడ్లకంటే ఇదే ఎక్కువ. మనూళ్లో జరిగిందే అక్కడా జరిగింది, అది కళ్లతో చూడాలి అన్నది ఆమె కోరిక. అది తెలిశాక ఏం తీసెయ్యాలో తేలిపోయింది. హుర్ఘాదా తీసేశాం. అలెగ్జాండ్రియా కూడా తీసేశాం. బాగుంటుందంటారు గానీ, మాకున్న సెలవులకి రెండూ పట్టవు.

తేదీల దగ్గర కాస్త తర్జనభర్జన జరిగింది. ఎండాకాలంలో లక్సర్, అస్వాన్‌లలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి అక్టోబరు, ఏప్రిల్ మధ్యే చూసుకోవాలి. రంజాన్ నెలలో చాలాచోట్ల పెందలాడే మూసేస్తారు. అది ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది గనక క్యాలెండర్ చూసుకోకుండా ఫిబ్రవరి, మార్చి అనుకోకూడదు. అబూ సింబెల్ గర్భగుడిలోకి సూర్యకిరణాలు నేరుగా పడే ఫిబ్రవరి 22, అక్టోబరు 22 తేదీల్లో విపరీతమైన రద్దీ. కార్తీకమాసంలో అమ్మ ఇల్లు కదలదు. క్రిస్మస్ దగ్గరపడితే హోటళ్ల రేట్లు పెరుగుతాయి. అన్నీ తీసేస్తే మాకు మిగిలింది డిసెంబరు మొదటి సగం.

అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం ఇంటిపేరు. అమ్మ సర్వీసు రికార్డుల్లో, పెన్షన్ ఆర్డరులో పుట్టింటి ఇంటిపేరు ఉంది. ఆధార్, పాస్‌పోర్టుల్లో మా ఇంటిపేరు. వీసాకి ఆదాయం రుజువుగా పెన్షన్ కాగితాలు పెట్టాలంటే, ఆ కాగితాల్లోని మనిషీ పాస్‌పోర్టులోని మనిషీ ఒకరేనని ఢిల్లీలో ఫైలు చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? మన దగ్గర టీచర్లుగా చేసిన ఆడవాళ్లలో చాలామందికి ఈ సమస్య ఉంటుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. రెండు పేర్లూ అమ్మవేనని నోటరీ అఫిడవిట్ చేయించాం. పెన్షన్ పడే ఖాతా బ్యాంకు స్టేట్‌మెంట్ పాస్‌పోర్టు పేరుతోనే ఉంది కాబట్టి దాన్ని పెన్షన్ ఆర్డరుకి జతచేశాం. కవరింగ్ లెటర్లో ఈ తేడా సంగతి వాళ్లు అడగకముందే రెండు వాక్యాల్లో రాశాం. మిగతావి మామూలే: ఐటీ రిటర్నులు, హోటల్ బుకింగులు, రానుపోను టికెట్లు. ఆ తర్వాత ఏ ప్రశ్నా రాలేదు, వీసాలు వచ్చేశాయి. ఫ్లైట్ టికెట్లు కూడా పాస్‌పోర్టులో ఏ పేరు ఏ గడిలో ఉందో అదే గడిలో వేసి కొన్నాం. హైదరాబాద్ నుంచి కైరోకి గల్ఫ్‌లో ఒకచోట మారి వెళ్లాం. నాన్నకి వీల్‌చైర్ ముందే రాయించాం, మారేచోట అది చాలా ఆదుకుంది.

ఏది ముందు, ఏది తర్వాత అన్నది అమ్మ తేల్చింది. "పాఠం ఏ వరసలో చెప్తామో ఆ వరసలోనే చూద్దాం" అంది. అందరూ ముందు గిజాకి పరిగెత్తుతారు. మేం ముందు సక్కారా వెళ్లాం. అక్కడ జోసర్ రాజు కోసం ఇమ్‌హోటెప్ కట్టిన మెట్ల పిరమిడ్ ఉంది, ఈజిప్టు పిరమిడ్లకి మొదలు అదే. తర్వాత దహషూర్. స్నెఫ్రు రాజు కట్టించిన పిరమిడ్ అక్కడ సగం దాకా నిటారుగా లేచి, ఉన్నట్టుండి వాలు తగ్గిపోతుంది. కడుతూ కడుతూ కోణం మార్చేశారని కిందనుంచి చూస్తేనే తెలిసిపోతుంది. దానికి కొంచెం దూరంలో అదే రాజుది ఎర్ర పిరమిడ్, వాలు పైదాకా సాఫీగా కుదిరింది. ఈ మూడూ చూశాక ఆయన కొడుకు ఖుఫూ కట్టించిన గిజా పెద్ద పిరమిడ్ ముందు నిలబడితే, అది ఒక్కసారిగా ఆకాశంలోంచి ఊడిపడింది కాదని, తరం తర్వాత తరం నేర్చుకుంటూ వచ్చారని అర్థమవుతుంది. ఈ వరస నేను గట్టిగా చెప్తాను, కుదిరితే ఇలాగే చూడండి.

పెద్ద పిరమిడ్ లోపలికి విడిగా టికెట్ ఉంది. వంగి నడవాల్సిన ఇరుకు దారిలో పైకెక్కాలి. పైన రాజు గదిలో ఉన్నది ఖాళీ గ్రానైట్ పెట్టె. గోడల మీద ఒక్క బొమ్మ లేదు, ఒక్క అక్షరం లేదు. నాన్న మోకాళ్ల సంగతి తలుచుకుని అది మానేసి, ఆ డబ్బు లక్సర్‌లో రాజుల లోయకి దాచాం. అక్కడ మామూలు టికెట్ మీద మూడు సమాధులు చూడొచ్చు. నాలుగో రామ్సెస్ సమాధి దారి తిన్నగా, కొద్దిపాటి వాలుతో ఉంటుంది, నాన్న చేతికర్రతో హాయిగా దిగారు. ఆరో రామ్సెస్ సమాధికి వేరే టికెట్ కొన్నాం. దాని కప్పు మీద ఆకాశ దేవత నూత్ సాయంత్రం సూర్యుణ్ని మింగి, పొద్దున్నే మళ్లీ కంటుంది. పొడవాటి ఆమె ఒళ్లంతా ముదురు నీలం మీద పసుపు రంగులో సాగి ఉంటుంది. అమ్మ మెడ నొప్పెట్టేదాకా చూసింది.

టూటంఖామన్ రాజు మమ్మీ ఆ లోయలోనే చిన్న సమాధిలో ఉంది. ఆయన నగలూ బంగారు ముసుగూ గిజా దగ్గర కట్టిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంలో ఉన్నాయి. మిగతా రాజుల మమ్మీలు చాలావరకు కైరోలో ఫుస్తాత్ దగ్గరి నాగరికత మ్యూజియంలో. రెండో రామ్సెస్ అక్కడే. ఎక్కడ ఏముందో ముందే చూసుకోకపోతే ఒకచోట వెతికి ఇంకోచోట నిరాశపడాల్సి వస్తుంది.

తిండికి ఇబ్బంది పడలేదు. అన్నం, మసూర్ పప్పు, మాకరోనీ, శనగలు కలిపి, పైన టమాటా పులుసు, వేయించిన ఉల్లిపాయలు వేసిచ్చే కోషరీ వీధివీధినా దొరుకుతుంది. నాన్న దాంట్లోకి గోంగూర పచ్చడి కలుపుకున్నారు. పెద్ద కట్టడాల దగ్గర టికెట్లకి కార్డే అడుగుతారు కాబట్టి ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసిన కార్డులు రెండు పెట్టుకున్నాం. బక్షీసుల కోసం చిన్న నోట్లు విడిగా ఒక పర్సులో. దారి చూపించినా, ఫోటో తీసినా, తలుపు తీసినా ఇవ్వాలి. రోజుకింతని ముందే లెక్కలో వేసుకుంటే మనసుకి కష్టమనిపించదు.

లక్సర్ నుంచి అస్వాన్‌కి నది మీద క్రూయిజ్‌లో వెళ్లాం. రోజుకో హోటలు మారే బాధ నాన్నకి తప్పింది, ఎద్ఫు, కోమ్ ఒంబో గుళ్లు దార్లోనే వచ్చాయి. ఇక మిగిలింది అబూ సింబెల్. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చే బదులు అక్కడే ఒక రాత్రి ఉండేలా గది తీసుకున్నాం. హుర్ఘాదా మానేసిన డబ్బులో కొంత దీనికి సరిపోయింది. తెల్లవారుజాము ప్రయాణం లేదు, నాన్న కారులో కాళ్లు చాపుకుని వచ్చారు. మేం చేరేసరికి పొద్దున వచ్చిన వ్యాన్లన్నీ ఎప్పుడో వెళ్లిపోయాయి.

గుడి ముందు ఇరవై మీటర్ల ఎత్తున కూర్చున్న నాలుగు విగ్రహాల్లో ఒకటి ప్రాచీన కాలంలోనే భూకంపానికి విరిగింది. దాని తల కింద పడి ఉంటుంది. గుడిని పైకి తెచ్చినప్పుడు ఆ తలని కూడా పడి ఉన్నచోటే, పడి ఉన్నట్టే పెట్టారని గైడు చెప్పాడు. అమ్మ ఆయనకి నాగార్జునకొండ గురించి చెప్పడం మొదలుపెట్టింది, నేను మధ్యలో ఇంగ్లీషులో అందించాను. పాత ఊరు ఇప్పటికీ నీళ్లకిందే ఉందా అని ఆయన అడిగాడు. ఉందంది. డ్యాము వెనకున్న నాసర్ సరస్సు కింద తన తాతగారి ఊరు కూడా ఉందని చెప్పాడాయన, వాళ్లు అక్కడ నైలు ఒడ్డున తరతరాలుగా బతికిన నూబియన్లట. డ్యాము వచ్చినప్పుడు ఊళ్లకి ఊళ్లనే ఉత్తరాన కోమ్ ఒంబో వైపు తరలించారట. ఆ సంగతి మేం చదివిన వాటిలో ఎక్కడా అంత వివరంగా లేదు. మర్నాడు పొద్దున అమ్మ మళ్లీ వెళ్లి, పక్కన రాణి నెఫెర్తారి గుడి దగ్గర ఎక్కువసేపు గడిపింది. ఆ గుడి ముందు రాణి విగ్రహాలు వాటి పక్కనున్న రాజు విగ్రహాలంత ఎత్తు ఉన్నాయని నాన్నని పిలిచి మరీ చూపించింది. పదింటికి బయల్దేరి, భోజనాల వేళకి అస్వాన్ చేరి, సాయంత్రం ఫ్లైట్‌లో కైరో వచ్చేశాం.