పాలంపేటలో టెలిస్కోపు గురి

హనుమకొండలో మధ్యాహ్నం కారు తీసేసరికి వెనక సీటు నిండా సామానే. 12 వోల్టుల బ్యాటరీ, స్పిరిట్ లెవెల్, అల్లెన్ కీల సెట్టు, ఎర్ర కాగితం చుట్టిన టార్చి, రెండు దుప్పట్లు, అక్క కోసం అమ్మ చేసిచ్చిన సర్వపిండి. పోయేది పాలంపేటకు. బావ అక్కడికి దగ్గరి బడిలో సైన్సు చెబుతాడు. ఆ బడిలో చదివి బయటికి వెళ్లినవాళ్లు చందాలు వేసుకుని ఒక కంప్యూటర్ టెలిస్కోపు కొనిచ్చారు. చుక్క పేరు నొక్కితే మోటార్లతో తానే తిరిగి అటు చూసే గోటు రకం. కొనిచ్చిన నాటి నుంచి దానికి గురి లేదు.

"బామ్మర్దీ, పునర్వసును చూపెట్టుమంటే చింతచెట్టును చూపెడుతున్నది. పిల్లలు ఆశగ వస్తరు, చలిల నిలబడి నిలబడి పోతరు" అన్నాడు బావ ఫోన్లో. ఆ రెండో మాట నాకు గుచ్చుకుంది. ఏడో తరగతి పిల్ల మొదటిసారి ఐపీసులో కన్ను పెట్టినప్పుడు ఖాళీ చీకటి కనబడితే, రెండోసారి ఆ పిల్లను పిలవడం కష్టం. అందుకే పుష్య అమావాస్య చూసుకుని బయల్దేరాను.

ఆత్మకూరు దాటి, కటాక్షపూర్ చెరువు కట్ట దాటి, మల్లంపల్లి మీదుగా ములుగు. అక్కడి నుంచి జంగాలపల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి వెంకటాపూర్ వైపు మళ్లాలి. యాసంగి నాట్ల కాలం కావడంతో రెండు వైపులా మడుల నిండా నీళ్లు. ఆ తడి చూడగానే రాత్రి మంచు గట్టిగా పడుతుందని అర్థమైంది. దారిలో ఒక కిరాణా కొట్టు దగ్గర ఆగి నల్ల చార్టు కాగితం కొన్నాను, గొట్టం మూతికి చుట్టడానికి.

వెలుతురు ఉండగానే రామప్ప గుడికి వెళ్లాను. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నీళ్లలో తేలే ఇటుకల విమానం గురించి, నల్లరాతి మదనికల గురించి అందరూ చెబుతారు. నేను మాత్రం ప్రతిసారీ పునాది గురించే ఆలోచిస్తాను. గుంత తీసి ఇసుక నింపి, దాని మీద ఇంత బరువును నిలబెట్టిన పద్ధతి. పైన ఎంత సూక్ష్మమైన పని ఉన్నా కింద నిలకడ ముందు కావాలని వాళ్లకు తెలుసు.

పిల్లలు టెలిస్కోపు పెట్టే చోటు చూడగానే ఆ మాటే బావతో అన్నాను. పొలం పక్కన కల్లంలో పెడుతున్నారు. ఆకాశం బాగా తెరిచి ఉంటుందని ఎంచుకున్న జాగా, కానీ మడుల తడికి నేల మెత్తబడి ఉంది. ట్రైపాడ్ కాళ్లు కంటికి కనబడకుండా దిగబడతాయి. అందుకని అన్నీ ఎత్తుకుని బడి ఆవరణలోకి, జెండా గద్దె పక్కన సిమెంటు నేల మీదికి మార్చాం.

బావకు ఒక అనుమానం ఉంది. "ధ్రువ నక్షత్రం చెట్ల వెనక ఉంటది. అది కనబడకనే గిట్ల అయితున్నదా?" ఇక్కడి అక్షాంశం సుమారు 18 డిగ్రీలు కాబట్టి ధ్రువం అంతే ఎత్తులో ఉంటుంది. ఉత్తరాన చెట్లుంటే దాక్కోవడం నిజమే. ఈక్వటోరియల్ మౌంటు, అంటే ఇరుసును ధ్రువం వైపు గురిపెట్టి తిప్పే స్టాండు తల అయితే అది పెద్ద ఇబ్బంది. ఈ మౌంటు మాత్రం పైకీ కిందికీ, పక్కకీ తిరిగేది. దానికి ధ్రువంతో పని లేదు, సరిగ్గా గుర్తుపట్టిన రెండు చుక్కలు చాలు.

ఏడున్నరకల్లా పిల్లలు చేరారు. వాళ్లు రోజూ చేసినట్టే చెయ్యమని చెప్పి పక్కన నిలబడ్డాను. అలైన్‌మెంటుకు, అంటే ఏ చుక్క ఎక్కడుందో యంత్రానికి గుర్తు చెప్పడానికి, రోహిణి, పునర్వసు ఎంచుకున్నారు. మీటల పెట్టె తెర మీద 'సక్సెస్' అని వచ్చింది. ఆర్ద్ర మీదికి పంపితే మూడు డిగ్రీల దూరాన ఆగింది. 130 మిల్లీమీటర్ల అద్దం, 650 మిల్లీమీటర్ల నాభ్యంతరం, 25 మిల్లీమీటర్ల ఐపీసు. అంటే 26 రెట్లు పెద్దది చేసి, రెండు డిగ్రీలకు కొంచెం తక్కువ ఆకాశం చూపిస్తుంది. మూడు డిగ్రీలు తప్పితే వెతికినా దొరకదు.

పిల్లల చేతులు వెంటనే స్క్రూల మీదికి పోయాయి. ఆపాను. ఇలాంటి పనిలో నేను గట్టిగా నమ్మే పరీక్ష ఒకటుంది. అదే చుక్క మీదికి మళ్లీ పంపాలి, ఈసారి ఇంకో వైపు నుంచి. రెండుసార్లూ ఒకే తప్పు చోట ఆగితే లెక్కలో తేడా ఉన్నట్టు: టైము, ఊరి వివరాలు, చుక్కల ఎంపిక, వీటిలో ఏదో ఒకటి. ఒక్కోసారి ఒక్కో చోట ఆగితే ఒంట్లో తేడా ఉన్నట్టు: వదులు బోల్టు, పళ్లచక్రాల ఖాళీ, కరెంటు చాలకపోవడం. ఈ రెండింటినీ కలిపి చూస్తే ఎన్ని రాత్రులైనా తేలదు.

ఆర్ద్ర నుంచి పడమటికి పంపి, వెనక్కి రప్పించాం. ముందు ఆగిన చోటికి డిగ్రీ పైనే తేడా. ఒంట్లోనే ఏదో ఉంది. గొట్టాన్ని వేలితో మెల్లగా నెట్టి వదిలితే చుక్క తిరిగి తన చోటికి రాలేదు. మౌంటు తలను ట్రైపాడ్‌కు బిగించే కింది బోల్టు అర చుట్టు వదులుగా ఉంది. మోటారు తిరగడం మొదలుపెట్టినప్పుడల్లా గొట్టంతో పాటు మౌంటు అడుగు కూడా కొంచెం జరుగుతున్నదన్నమాట. బోల్టు బిగించాం. పెన్సిల్ సెల్లులు తీసేసి పెద్ద బ్యాటరీ తగిలించాం. సెల్లులు నీరసిస్తే రెండు మోటార్లూ ఒకేసారి తిరిగేటప్పుడు వోల్టేజీ పడిపోతుంది, కంప్యూటరు ఎంత తిరిగిందో లెక్క తప్పుతుంది. ఆ తర్వాత ఎన్ని వైపుల నుంచి పంపినా ఒకే చోట ఆగింది. తప్పు చోటే, కానీ ఒకే చోట. నాకు అప్పుడే సగం పని అయిపోయినట్టు అనిపించింది.

ఇక లెక్క. సెట్టింగులు ఒక్కొక్కటీ చదివించాను. తేదీ నెల ముందు, రోజు తర్వాత వేశారు, బాగుంది. టైమ్‌జోను ఐదున్నర, బాగుంది. డేలైట్ సేవింగ్ దగ్గర 'ఎస్' అని ఉంది. మన దేశంలో గడియారాన్ని ముందుకు జరిపే పద్ధతే లేదు. దాంతో యంత్రం ఆకాశాన్ని గంట వెనకటిదిగా అనుకుంటున్నది. గంటకు ఆకాశం 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. తూర్పున లేస్తున్న పునర్వసు కోసం అది కిందికి, చింతచెట్టులోకి చూడడానికి కారణం ఇదే.

చెప్పాలంటే టైము తప్పు ఒక్కటే అయితే అంత నష్టం లేదు. రెండు చుక్కలూ నిజంగా అవే అయితే అలైన్‌మెంటులో ఆ తేడా సర్దుకుపోతుంది. ఇక్కడ ఆ తప్పు ఇంకో తప్పుకు దారి తీసింది. యంత్రం చెట్టులో ఆగగానే పిల్లలు దాన్ని బాణం మీటలతో పైకి తెచ్చి, కనబడిన మెరిసే చుక్కను నడిమికి తెస్తున్నారు. యంత్రం అడిగింది పోలక్స్‌ను. వాళ్లు పట్టింది పక్కనున్న కాస్టర్‌ను. రెండూ పునర్వసులోవే, మధ్య నాలుగున్నర డిగ్రీలు. "ఎడమ దిక్కుది తెల్లగున్నది సార్, కుడి దిక్కుది జర ఎర్రగున్నది" అని ఒక పిల్ల తానే కనిపెట్టింది. ఆ ఎర్ర రంగు ఉన్నదే పోలక్స్.

రోహిణి కూడా ఆ వేళకు పనికిరాదు. దాదాపు నడినెత్తిన, 84 డిగ్రీల ఎత్తులో ఉంది. అంత పైన ఉన్న చుక్కను నడిమికి తేవడంలో పదో వంతు డిగ్రీ తేడా వస్తే, అది దిక్కు లెక్కలో ఒక డిగ్రీ వరకూ పెరుగుతుంది. అందుకే చుక్కలు మార్చాం. ఉత్తరాన బ్రహ్మహృదయం (కపెల్లా), ఆగ్నేయాన లుబ్ధకం (సిరియస్). రెండింటికీ మధ్య 60 డిగ్రీల పైన ఎడం, రెండూ మరీ పైనా మరీ కిందా కావు. చిన్న ఐపీసు పెట్టి, చివరి జరుపు ఎప్పుడూ పైకి, కుడికి మీటలతోనే ముగించమన్నాను. పళ్లచక్రాల మధ్య ఖాళీ అప్పుడు ఒకే వైపు నిలుస్తుంది.

గొల్లకావడి అనే మూడు చుక్కల వరుస కింది నెబ్యులా (వాయువుల మబ్బు) అడిగాం. నడిమికి వచ్చింది. పిల్లలకోడి (కృత్తికలు) వచ్చింది. లుబ్ధకం కింది చుక్కల గుంపు వచ్చింది. వాయవ్యాన ఆండ్రోమెడా గెలాక్సీ అర డిగ్రీ పక్కన, అయినా ఐపీసు అంచు లోపలే. ఆ అర డిగ్రీ కోసం మళ్లీ మొదలుపెడదామన్నాడు బావ. వద్దన్నాను. గొట్టం తన ఇరుసుకు పూర్తిగా లంబంగా లేకపోతే అంత తేడా మిగులుతుంది. 26 రెట్ల చూపుకు అది అడ్డం కాదు, పిల్లల వరుసేమో గేటు దాకా ఉంది.

పది దాటాక దక్షిణాన అగస్త్యుడనే చుక్క (కానోపస్) తన గరిష్ఠ ఎత్తుకు చేరింది. ఇక్కడి నుంచి అది 19 డిగ్రీలు మాత్రమే, ఉత్తరాన ధ్రువంతో ఇంచుమించు సమానం. ఒకరు అటు, ఒకరు ఇటు చెయ్యి చాచి కొలుచుకున్నారు. అప్పటికి చార్టు కాగితం మంచుకు మెత్తబడింది, అద్దం మాత్రం పొడిగానే ఉంది.

పొద్దున బోల్టు విప్పి చూస్తే కింది వాషరు ఒక పక్క అరిగి ఉంది. కొత్తది హనుమకొండలో లేతు పనివాళ్ల దగ్గర చేయించి పంపుతానన్నాను. డబ్బా మూత లోపల ఒక కాగితం అంటించాం: అక్షాంశం 18 డిగ్రీల 15 నిమిషాలు, రేఖాంశం 79 డిగ్రీల 56 నిమిషాలు, డేలైట్ సేవింగ్ 'నో'. ఫోనులో 18.25 అని చూసి 25 నిమిషాలు కొట్టొద్దని, పావు డిగ్రీ అంటే 15 నిమిషాలేనని కింద రాయించాను.

శివరాత్రి జాగారానికి గుడి దగ్గర జనం ఉంటారు, చంద్రుడు తెల్లవారుజామున గానీ రాడు. ఆ రాత్రి టెలిస్కోపు అక్కడ పెట్టాలని బావ ఆలోచన. అప్పటికి రాత్రి ఎనిమిదింటికి రోహిణి నడినెత్తి దిగి పడమటికి వాలుతుంది, మఖ తూర్పున బాగా పైకి వస్తుంది. ఆ రెండింటినీ పట్టుకోమని ఎర్రచుక్క, తెల్లచుక్క గీసి పిల్లల నోటుపుస్తకంలో రాసిచ్చి బయల్దేరాను.