ఫొటో స్టాప్ అంట

నిద్ర పట్టడం లేదు. ఈయన ఎప్పుడో పడుకున్నారు, పండుగాడికి రేపు యూనిట్ టెస్ట్ కాబట్టి వాణ్ణీ తొందరగానే పడుకోబెట్టేశాను. నాకు మాత్రం వదిన సాయంత్రం తెచ్చి చూపించిన బ్యాంకాక్ కాగితం మీద నుంచి మనసు మళ్లడం లేదు. వెళ్లేది నేను కాదు. వదిన, అన్నయ్యగారు, అత్తయ్య వెళ్తున్నారు. డబ్బులు వాళ్లవి, సెలవులు వాళ్లవి, నాకెందుకు అనుకుంటే సరిపోవాలి. సరిపోవడం లేదు, అందుకే రాస్తున్నా.

ద్వారకానగర్‌లో ఎవరో ట్రావెల్స్ వాళ్లు వేసిచ్చిన ప్రోగ్రాం అది. ఆదివారం బయల్దేరి గురువారానికి వచ్చేయడం. రంగుల కాగితం, ప్రతి గంటకీ ఒక గడి, గడిలో ఒక పేరు. గ్రాండ్ ప్యాలెస్, ఒక గంట. వాట్ ఫో గుడి, ఫొటో స్టాప్, అంటే బయట కాసేపు ఆపి ఫొటో తీసుకోనివ్వడం. వాట్ అరుణ్ గుడి, ఫొటో స్టాప్. రత్నాల షోరూమ్, రెండు గంటలు. మంగళవారం పొద్దున్న చాతుచక్ మార్కెట్‌లో షాపింగ్. రాత్రి భోజనం అన్ని రోజులూ ఇండియన్ రెస్టారెంట్‌లో బఫే.

మంగళవారం చాతుచక్ ఏమిటి! అది శని, ఆదివారాల సంత. బుధ, గురువారాల్లో అయితే మొక్కలు అమ్ముతారు. మంగళవారం వెళ్తే దించేసిన షట్టర్లు చూసి రావాలి. వదినకి అదే చెప్తే "వాళ్లకి తెలీదా ఏటి, రోజూ మనుషుల్ని పంపిస్తుంటారు కదా" అంది. రోజూ పంపేవాళ్లకి తెలిసుండాలనే నేనూ అంటున్నా. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. ఆ మోకాళ్లతో, ఆ ఎండలో, మూసేసిన సంతకి తిప్పుతారా ఆవిణ్ణి?

పోనీ రత్నాల షోరూమ్ ఎవరడిగారు? వదిన అడగలేదు, అన్నయ్యగారు అసలే అడగరు. ప్యాకేజీ అంత చవగ్గా ఎలా వస్తుందో ఆ గడి చూస్తేనే తెలుస్తుంది. బస్సు అక్కడ ఆపితే, దిగినవాళ్లు ఏదైనా కొంటే, తెచ్చినవాళ్లకి కమీషన్. మేం వెళ్లినప్పుడూ ఇలాంటి చోటికే తీసుకెళ్లారు. ముందు ఒక వీడియో వేశారు, చల్లగా జ్యూస్ ఇచ్చారు, ఆ తర్వాత మనిషికొక అమ్మాయి చొప్పున వెనకాలే నడిచారు. కొనకపోతే మొహం మీదే నవ్వు ఆగిపోవడం చూశాను. పాపం ఆ అమ్మాయిలది కూడా ఉద్యోగమే, వాళ్ల మీద నాకేం కోపం లేదు. ఆ రెండు గంటలు మా దగ్గర నుంచి ఎవరు తీసుకున్నారో వాళ్ల మీద ఉంది.

వాట్ ఫోకి ఫొటో స్టాప్ అని రాసినవాళ్లు అక్కడికి ఒక్కసారైనా వెళ్లారా అని నా అనుమానం. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు. ఆ విగ్రహం ఒక హాలు లోపల ఉంటుంది, హాలు దాదాపు విగ్రహానికి సరిపోయేంతే ఉంటుంది. బయట నిలబడి ఫొటో తీస్తే గోడ, పైకప్పు వస్తాయి. లోపలికెళ్లి, తల దగ్గర నుంచి పాదాల దాకా నడవాలి. ఆ పాదాల అరికాళ్ల మీద ముత్యపుచిప్ప పొదిగి 108 శుభచిహ్నాలు చేశారు, నల్లటి నేపథ్యం మీద అవి వెలుగు పడిన చోటల్లా తళుక్కుమంటాయి. వెనకవైపు గోడ వెంబడి 108 కంచు గిన్నెలు, ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క నాణెం వేసుకుంటూ వెళ్తారు జనం. హాలంతా ఆ చిల్లర చప్పుడే. అత్తయ్య చేతికి చిల్లర ఇచ్చి వదిలితే ఆవిడ ఒక్క గిన్నె కూడా వదలరు, నాకు తెలుసు.

గ్రాండ్ ప్యాలెస్‌కి గంట సరిపోతుందని ఎలా అనుకున్నారో మరి. ఎమరాల్డ్ బుద్ధుడి గుడి ఆ ఆవరణలోనే. రాజుగారు ఏడాదికి మూడుసార్లు, ఎండాకాలానికి, వానాకాలానికి, చలికాలానికి, ఆ విగ్రహానికి బట్టలు మారుస్తారు. ఆ గుడి చుట్టూ వసారా గోడల నిండా 178 చిత్రాల్లో రామాయణం ఉంది, వాళ్లది రామకియెన్ అంటారు. బంగారు పూత కిరీటాలు, కోతి సైన్యం, లంక, మధ్యమధ్యలో ఎక్కడో మూల ఒక ఊళ్లో ఆడవాళ్లు వంట చేసుకోవడం కూడా కనిపిస్తుంది. ఈ మాట చెప్పేసరికి అంతదాకా నాకెందుకీ ప్రయాణం అన్నట్టు కూర్చున్న అత్తయ్య "సీతమ్మవారు అక్కడ కూడా ఉన్నారా" అని లేచి దగ్గరికొచ్చారు. ఆ కథలో హనుమంతుడు బ్రహ్మచారి కాదని మాత్రం చెప్పలేదు, ఆవిడ బాధపడతారు. ఒక్కొక్క చిత్రం దగ్గర ఆగి పోల్చుకుంటూ నడిచే మనిషి ఆవిడ, ఆవిడకి గంట ఇస్తారట.

ఇక భోజనం. అసలు నాకు నిద్ర పట్టనిది దీనికే అనుకుంటా. ఏ దేశం వెళ్లినా రాత్రి ఎనిమిదికి అదే పనీర్ బటర్ మసాలా, అదే జీరా రైస్, అదే తందూరి రొట్టె, చివర్లో ఒక గులాబ్‌జామ్. మన ఇళ్లల్లో ఎవరు తింటారండీ అది రోజూ? వైజాగ్‌లో ఉన్నప్పుడు పప్పు, పులుసు, వేపుడు లేకపోతే గొడవ చేస్తాం, బ్యాంకాక్ వెళ్లి పంజాబీ భోజనానికి ట్రాఫిక్‌లో గంట ఎందుకు కూర్చోవాలి? సరిగ్గా ఆ వేళకే చైనాటౌన్‌లో యావరాత్ వీధి మొదలవుతుంది. రోడ్డు పక్కన పొయ్యిలు వెలుగుతాయి, ప్లాస్టిక్ బల్లలు వేస్తారు, మూకుడులో మంట పైకి లేస్తుంది. మనవాళ్లు ఆ వీధి పక్కనుంచే బస్సులో అద్దాలు వేసుకుని పనీర్ దగ్గరికి వెళ్తారు.

శాకాహారులకి కష్టం కదా అంటారు. కష్టమే, కాదనను. థాయ్ వంటలో చేపల సాస్ పడనివి తక్కువ, వట్టి ఆకుకూర వేపుడులో కూడా పోసేస్తారు, పచ్చి బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు దంచి వేస్తారు. కానీ అక్కడ 'జే' అని ఒక భోజనం ఉంది, బండి ముందు పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలు కనిపిస్తే అదన్నమాట. మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. కార్తీకమాసంలో అత్తయ్య పాటించేదానికి ఇంతకంటే దగ్గరగా ఆ బఫేలో ఏముంటుంది, అక్కడ గ్రేవీ అంతా ఉల్లిపాయే. మామిడిపండు జిగురన్నం కూడా ఉంది, ఉప్పుగా తియ్యగా ఉండే కొబ్బరిపాలు పోసి, పైన కరకరలాడేలా వేయించిన పెసరపప్పు చల్లుతారు. ఆ పప్పు పంటికింద పడినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో ఇప్పటికీ గుర్తుంది.

మనూరొచ్చేవాళ్లూ ఇలాగే చేస్తారు లెండి. కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి, రుషికొండ, అరకు వెళ్తే బొర్రా గుహల దగ్గర అరగంట, రాత్రికి బిర్యానీ. బీచ్‌రోడ్డు మీద ముంత మసాలా తినకుండానే ఊరు చూసేశాం అని వెళ్లిపోతారు.

ఫొటో స్టాప్ అని చదివిన దగ్గర్నుంచీ నాన్న సింగపూర్ ప్రయాణమే గుర్తొస్తోంది. నాన్న పోర్టులో టాలీ క్లర్క్ అని ఇక్కడ చాలాసార్లు రాశాను. ఓడలోకి ఎక్కే సరుకు, దిగే సరుకు లెక్క రాసే పని. బైలదిల్లా ఇనుప ఖనిజం ఇక్కడి నుంచి జపాన్ వెళ్లేది, ఆ ఓడలు సింగపూర్ జలసంధి దాటే వెళ్లేవి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ పేరు ఆయన నోట్లో నలిగింది, ఊరు మాత్రం చూడలేదు. ఇక్కణ్ణుంచి నేరుగా విమానం ఉంది, రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగుతాం, రైల్లో హైదరాబాద్ వెళ్లినంత సేపు కూడా పట్టదు, రండి నాన్నా అని తమ్ముడూ నేనూ బయల్దేరదీశాం.

దిగిన రోజు మెర్‌లయన్ విగ్రహం దగ్గరికి తీసుకెళ్లాం. చుట్టూ అద్దాల మేడలు, ఎదురుగా మెరీనా బే, అందరూ ఫొటోలు. నాన్న నీళ్ల వైపు చాలాసేపు చూసి "ఇదేంటమ్మా, ఇంత పెద్ద పోర్టు అంటారు, ఓడ ఒక్కటి లేదు" అన్నారు. ఉండదు మరి. 2008లో మెరీనా బరాజ్ కట్టి ఆ నీటిని సముద్రం నుంచి వేరు చేశారు, ఇప్పుడది మంచినీళ్ల రిజర్వాయర్. పర్యాటక పడవలు తప్ప అందులోకి ఓడలు రావు. నేను ఆ సంగతి చెప్తే "మరి ఓడలెక్కడ?" అన్నారు. తమ్ముడు ఫోన్‌లో తర్వాతి చోటు చూసుకుంటున్నాడు.

మర్నాడు సగం రోజు సయ్యద్ ఆల్వీ రోడ్డులో ముస్తఫా సెంటర్‌కే పోయింది. అందరి చేతుల్లో లిస్టులు. మరదలి అక్కకి సెంటు, తమ్ముడి ఆఫీసు వాళ్లకి చాక్లెట్లు, ఎవరికో వాచీ, ఎవరికో విటమిన్ మాత్రలు. అంతస్తు తర్వాత అంతస్తు, లిఫ్టు దగ్గర తోపులాట, అడుగు తీసి అడుగు వేయలేని సందులు. ఓడలెక్కడ అని నాన్న మళ్లీ అడగలేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

మూడో రోజు సాయంత్రం నేనే గొడవపడి ఈస్ట్ కోస్ట్ పార్క్‌కి తీసుకెళ్లాను. అక్కడ ఉన్నాయి ఓడలు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా లంగరు వేసి నిలబడ్డాయి, మన ఆర్కే బీచ్ నుంచి కనిపించేవాటికి ఎన్నో రెట్లు. నాన్న చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. "అది ట్యాంకరు. అది బల్క్ క్యారియర్. అదిగో, ఎర్రరంగు అంతా పైకి కనిపిస్తోంది చూడు, అది ఖాళీ. దాని పక్కది నిండా లోడు మీదుంది, రంగు మునిగిపోయింది." వేళ్లు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మధ్యలో ఒకటి కదిలిందని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు.

ఆ ఒడ్డునే ఈస్ట్ కోస్ట్ లగూన్ ఫుడ్ విలేజ్ ఉంది. అరిటాకు మీద కాల్చి, పైన సంబల్ అనే మిరపకాయల కారం దట్టంగా పూసిన చేప తెచ్చాను, పక్కన బొటనవేలంత నిమ్మకాయ. నాన్న ముందు వాసన చూశారు. "ఇందులో రొయ్యపొట్టు ఉందమ్మా" అన్నారు. ఉంది, సంబల్‌లో పులియబెట్టిన రొయ్యల ముద్ద కలుపుతారు. ఆ ఊరొచ్చాక ఆయన కడుపునిండా తిన్నది అప్పుడే. ఇంకో ప్లేటు తెద్దామని నేను లేచేసరికి తమ్ముడు వాచీ చూపించాడు, గార్డెన్స్ బై ద బేలో 8:45 లైట్ల షో పోతుందని. 7:45ది ఎలాగూ పోయింది, ఆ రోజుకి అదే ఆఖరిది. నాన్న మారు మాట్లాడలేదు, లేచి ట్రే తీసుకెళ్లి స్టాండులో పెట్టేశారు. లైట్ల షో బాగుంది, ఉచితం కూడా, ఆ ఇనుప చెట్ల కింద పడుకుని చూశాం. అయినా ఆ రెండో ప్లేటు తెచ్చి ఉంటే అని ఇప్పటికీ తమ్ముడితో అంటూనే ఉంటాను.

ఇదంతా రాసి, షాపింగే ప్రయాణాల్ని పాడుచేస్తోంది అని తిట్టి పడుకుందామనుకున్నా. కానీ ముస్తఫాలో నాన్న ఏం చేశారో రాయకపోతే అన్యాయం. మేం ఎవరి లిస్టులో వాళ్లం మునిగి ఉంటే ఆయన మందుల వరసలో యాక్స్ ఆయిల్ సీసాల ముందు నిలబడ్డారు. చొక్కా జేబులోంచి మడత కాగితం తీశారు. నిండా పేర్లు, పోర్టులో ఆయనతో పనిచేసినవాళ్లవి. ఒక సీసా బుట్టలో వేయడం, పేరు పక్కన టిక్కు పెట్టడం. కంచరపాలెంలో ఉండే ఒకాయనకి ఎప్పుడూ పడిశమే అని ఆయనకి మాత్రం పెద్ద సీసా. "ఎవరూ తెమ్మని అడగలేదమ్మా, ఇస్తే సంతోషిస్తారు" అన్నారు. ఆ సందుల్లో విసుగు లేకుండా తిరిగింది ఆయనొక్కరే. ఊరంతా తిరిగిన దాంట్లో నాన్నకి నచ్చినవి చెప్పమంటే ఇవాళ్టికీ ఓడలు, ఆ చేప, ముస్తఫా అనే చెప్తారు. మరి షాపింగ్‌ని నేనెలా తిట్టను?

వదిన కూడా అంతే కదా. బట్టల కొట్లో ఆవిడ మొహం చూడాలి, గుడ్డ వేళ్ల మధ్య రుద్ది నేత చెప్పేస్తుంది. ఆవిణ్ణి ప్రతూనమ్ బట్టల బజార్లో ఒక పూట వదిలేస్తే అదే ఆవిడకి బ్యాంకాక్. ఆవిడకి రత్నాలెందుకు? ప్యాకేజీ మొత్తం దండగ అని కూడా ఇప్పుడు అనలేను. అత్తయ్యతో ఏసీ బస్సు ఉండాలి, హోటల్ ముందే ఖాయమై ఉండాలి, బాత్రూం ఎక్కడుందో తెలిసుండాలి. అవి వాళ్లు చూసుకుంటారు, మంచిదే. ఆ గడుల్లో కొన్ని ఖాళీ చేయిస్తే చాలు.

షోరూమ్ తీసేయించి ఆ టైము గ్రాండ్ ప్యాలెస్‌కి కలపాలి, పొద్దున్నే వెళ్లాలి, చీర కాబట్టి అత్తయ్యకి భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలన్న ఇబ్బందీ లేదు. వాట్ ఫోకి దగ్గర్లోనే పాక్ ఖ్లాంగ్ పూల మార్కెట్ ఉంది, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, బస్తాల కొద్దీ బంతిపూలు, మల్లెపూలతో గుచ్చిన చిన్న చిన్న దండలు. పూర్ణా మార్కెట్‌లో పూలవాళ్లతో అరగంట మాట్లాడే మనిషికి అది చూపించకుండా ఎలా తెస్తారు? అన్నయ్యగారికి సెలవు గురువారం నుంచి దొరికితే సంత కూడా కుదురుతుంది, లేకపోతే దాన్ని వదిలేయమంటాను. వాట్ అరుణ్ మెట్లు మాత్రం అత్తయ్య ఎక్కొద్దు, నిటారుగా ఉంటాయి, కిందనుంచే ఆ పింగాణీ ముక్కల పూలు చూడొచ్చు.

రెండు రాత్రులైనా బఫే మానిపించాలి. ఆ డబ్బులు తగ్గించమని ట్రావెల్స్ వాళ్లని నేనే అడుగుతాను, వదినకి మొహమాటం ఎక్కువ.