పక్క ప్లాటు సెల్లార్ గుంత, మా కిరాయి డబ్బులు: నా అనుభవం

పక్క ప్లాటులో అపార్ట్‌మెంట్ సెల్లార్ కోసం తవ్విన గుంత వల్ల మహబూబ్‌నగర్‌లో మా సొంతిల్లు వదిలి కొన్ని నెలలు కిరాయింట్లో ఉండాల్సి వచ్చింది. ఆ కిరాయి బిల్డర్ చేతనే కట్టించుకున్నాం. మా ముందు పోర్షన్‌లో కిరాయికి ఉండే టైలర్ అక్కకు కూడా ఇప్పించాం. ఇదే కష్టంలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా దిక్కు నేల మొరం. ఎండాకాలంలో గడ్డపారకు కూడా లొంగదు. నీళ్లు దిగితే మాత్రం పెళ్లలు పెళ్లలుగా జారిపోతుంది. బిల్డర్ మా ప్రహరీ అంచుదాకా నిట్టనిలువునా తవ్వించి, ఏ ఆసరా కట్టకుండా వానాకాలం దాకా వదిలేశాడు. ఆగస్టు ముసురుకు ప్రహరీ గుంతలో పడింది. వంటింటి మూల నుంచి కిటికీ దాకా ఏటవాలుగా నెర్రె ఇచ్చింది. టౌన్ ప్లానింగ్ వాళ్లు వచ్చి పని ఆపించి, ఇల్లు ఖాళీ చేయమని మాకు నోటీసు ఇచ్చారు. ఆ నోటీసును లామినేషన్ చేయించి దాచాను. మేం ఇష్టపడి ఇల్లు వదల్లేదని చెప్పేది అదొక్కటే.

బిల్డర్ మొదట మంచిగానే మాట్లాడాడు. "నాలుగు రోజులు లాడ్జిలో ఉండండక్కా, ఖర్చు నాది" అన్నాడు. మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మతో లాడ్జిలో ఎన్నాళ్లుంటాం? తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ తర్వాత స్టాంపు కాగితం పట్టుకొచ్చాడు. ఏకమొత్తంగా 40,000 ఇస్తాడట, ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదని మేం సంతకం పెట్టాలట. టెన్షన్‌లో మా ఆయన పెట్టేద్దామన్నారు. ఇంటికి ఎప్పుడు తిరిగొస్తామో ఎవరికీ తెలియనప్పుడు ఏకమొత్తం ఎట్లా లెక్క కడతాం? నేను ఒప్పుకోలేదు.

కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చాం. గుంత భద్రత సంగతి మున్సిపాలిటీకి పంపారు, పరిహారం కోసం కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పొమ్మన్నారు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. కేసు వేయకముందే, ఇద్దరికీ రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌కు తెల్లకాగితం మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. చాలామందికి ఈ సంగతే తెలియదు.

"ఇల్లు పాతది, నెర్రె కూడా పాతదే" అన్నది బిల్డర్ వాదన. మేం పిలిపించిన స్ట్రక్చరల్ ఇంజినీర్ నెర్రెకు అడ్డంగా చిన్న గాజు ముక్కలు ప్లాస్టర్‌తో అతికించి, పక్కనే పెన్సిల్‌తో తేదీ వేశాడు. గోడ కదిలితే గాజు పగులుతుంది. కిటికీ దగ్గరిది వారం తిరక్కముందే పగిలింది. దాని ఫొటో చూశాక పాత నెర్రె మాట మళ్లీ రాలేదు. పైగా ఇల్లు పాతదవడమే మాకు కలిసొచ్చింది. పక్క నేల ఆసరాతో ఇల్లు 20 ఏళ్లకు పైగా అడ్డూ అభ్యంతరం లేకుండా నిలబడితే, ఆ ఆసరా హక్కు అవుతుందని పక్క స్థలం మీద మనకుండే హక్కుల గురించిన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం చెబుతుందని, న్యాయ సేవాధికార సంస్థ మాకిచ్చిన లాయరమ్మ వివరించింది. 1998 నుంచి దాచిన ఇంటి పన్ను రశీదులన్నీ తీసి ఇచ్చాను.

అసలు పేచీ టైలర్ అక్క దగ్గర వచ్చింది. "కిరాయిదారుకు ఇంటి మీద ఏం హక్కుంది, నేనెందుకివ్వాలి?" అన్నాడు బిల్డర్. ఆమెకు పోయింది ఇల్లొక్కటే కాదు, గిరాకీ కూడా. బిల్లు పుస్తకం లేదు, దుకాణం లైసెన్సు లేదు. ఉన్నదల్లా కొలతలు రాసుకునే లాంగ్ నోట్‌బుక్: పేరు, చాతీ, చేతి పొడవు, ఇవ్వాల్సిన తేదీ, తీసుకున్న అడ్వాన్సు. మిషను మూలపడ్డ నాటి నుంచి పేజీలు ఖాళీ. లాయరమ్మ అంతకుముందు మూడు నెలల పేజీలు కూడి సగటు తీసి లెక్క ముందు పెట్టింది. ఆమె కష్టార్జితానికి ఆ పుస్తకం కంటే నిజమైన సాక్ష్యం ఏముంటుంది?

ఇన్సూరెన్స్ డబ్బులు వచ్చాక ఇస్తానని కూడా అడిగి చూశాడు. అది అతనికీ కంపెనీకీ మధ్య సంగతి, మా కిరాయి అంతదాకా ఆగదని గట్టిగా చెప్పాం.

చివరికి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. ఇల్లు ఉండదగ్గదని ఇంజినీర్ రాసిచ్చేదాకా నెలనెలా 9,000 కిరాయి, ట్రాలీ ఆటో ఖర్చులు రానూపోనూ, టైలర్ అక్కకు ఆమె పేరు మీదే వేరే చెక్కు. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడ రాసిచ్చే రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. అందుకే సంతకానికి ముందు ప్రతి వాక్యం చదివించుకుని, గోడ రిపేరు, కొత్త ప్రహరీ ఖర్చులను కిరాయిలో కలపకుండా విడిగా రాయించాం. గుంతకు మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్ లేచింది, మేం ఇంటికొచ్చేశాం. ప్రహరీ పని ఇంకా మిగిలుంది, దానికి అవార్డులో రాసిన గడువు సంక్రాంతి.