వద్దని చెప్పినందుకు ఫీజు

మన కెమికల్ ఇంజనీరింగ్ బ్యాచ్‌లో రిఫైనరీలో చేరినవాళ్లకి చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. విశాఖలో మల్కాపురం వైపు వెళ్తూ "అదిగో, ఆ టవర్ నేనున్నప్పుడే లేపారు" అని మనవళ్లకి చెప్పుకోవచ్చు. స్టీల్ ప్లాంట్‌లో, ఎరువుల ఫ్యాక్టరీలో చేరినవాళ్లకీ ఆ భాగ్యం ఉంది. కన్సల్టెంట్‌గా బతికినవాళ్లకి లేదు. మేం చేసిన పనిలో సగం, కట్టకుండా ఆగిపోయినవాటి గురించే. రిఫైనింగ్, గ్యాస్ ప్రాసెసింగ్ అనుభవాలు రాసిమ్మని మన పూర్వ విద్యార్థుల సంచిక కమిటీవాళ్లు అడిగాక పాత ఫైళ్లు తిరగేశాను. క్లయింట్లు నాకు ఎక్కువ సార్లు డబ్బిచ్చింది "ఇది కొనకండి" అని చెప్పినందుకే.

ఆంధ్రా యూనివర్సిటీలో మనం చదువుకునే రోజుల్లో పెట్రోలియం అంటే మనకి తెలిసింది ఒక్క కాల్టెక్సే. 1957లో ఏడాదికి 6.75 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన రిఫైనరీ అది. 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసిపోయినా ఊళ్లో ఎవరూ పేరు మార్చుకోలేదు, బస్ కండక్టర్ సహా. ఇప్పుడు దాన్ని కోటిన్నర టన్నులకి విస్తరించారు. ఇండస్ట్రియల్ టూర్‌లో అక్కడి ఇంజనీర్ ఫర్నేస్ ముందు నిలబెట్టి ఒక్క మాట చెప్పాడు: క్రూడ్‌ని, అంటే ముడిచమురుని, 350, 360 డిగ్రీల దాకా వేడిచేస్తాం, అక్కణ్నుంచి ఇంకా పైకి వెళ్తే నూనె విడిపోదు, విరిగిపోతుంది, ట్యూబుల్లో బొగ్గులాంటి కోక్ కడుతుంది. మాకు ఆరోజు పెట్టిన కేంటీన్ భోజనం గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం కానీ, ఈ హద్దు తర్వాత నాకు చాలాకాలం అన్నం పెట్టింది.

డిస్టిలేషన్ క్లాసు, అంటే కలిసిన ద్రవాల్ని మరిగించి కాలమ్ అనే టవర్‌లో విడదీయడం నేర్పే క్లాసు, గుర్తుందా? 1925 నాటి మెకేబ్-థీలే పద్ధతి. గ్రాఫ్ పేపరు మీద, ఏ సరుకు ద్రవంలో ఎంత, ఆవిరిలో ఎంత ఉంటుందో చెప్పే వంపుగీతకీ, వాలుగీతకీ మధ్య పెన్సిల్‌తో మెట్లు గీసుకుంటూ పోవడం. మెట్లు లెక్కపెట్టి గబగబా జవాబు చెప్పినవాణ్ని మాస్టారు మెచ్చుకునేవారు కాదు. "మెట్లు సరే, ఆ వంపుగీత ఎక్కణ్నుంచి తెచ్చావురా?" అనేవారు. వైవాలో చాలామంది నోళ్లు పడిపోయింది ఆ ప్రశ్న దగ్గరే. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఆ ప్రశ్న ఇంకా పదునెక్కింది. ఆ వంపుగీతని లెక్కగట్టిచ్చే సమీకరణాల్లో ఒకటైన 1976 నాటి పెంగ్-రాబిన్సన్ హైడ్రోకార్బన్లకి బంగారం లాంటిది. దాన్నే నీళ్లలో కలిసిన ఎమీన్ (గ్యాస్‌ని కడిగే రసాయనం) మీద ప్రయోగిస్తే చక్కటి, నాలుగు దశాంశ స్థానాల తప్పుడు జవాబు వస్తుంది. ఆ నాలుగు స్థానాలు చూసి పడిపోయిన మేనేజర్లు నాకు చాలామంది తెలుసు.

మొదటి ఉద్యోగం ఢిల్లీలో, ఒక డిజైన్ సంస్థలో. హజీరా నుంచి విజయపూర్ మీదుగా జగదీశ్‌పూర్ దాకా గ్యాస్ పైప్‌లైన్ వేస్తున్న కాలం. బాంబే తీరంలోని బాసిన్ గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది కాబట్టి, హజీరాలో దాన్ని కడిగాకే లైనులోకి పంపాలి. మన దేశంలో గ్యాస్ ప్రాసెసింగ్ అనే పని పెద్ద ఎత్తున నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. మేం జూనియర్లం డేటాషీట్లు నింపడం, పంపుల హెడ్ లెక్కలు వేయడం తప్ప ఇంకేమీ చేయలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

గల్ఫ్‌కి వెళ్లాక జరిగిన ఒక పని మాత్రం వివరంగా చెప్పాలి. ఎడారి మధ్యలో ఒక గ్యాస్ ప్లాంట్. పేరు అనవసరం. గ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్‌లను తీసేయడానికి అబ్జార్బర్ టవర్ ఉంటుంది. కింద నుంచి గ్యాస్, పై నుంచి ఎమీన్ ద్రావణం. ఆ టవర్‌లో ఎమీన్ పాలు పొంగినట్టు పొంగి గ్యాస్‌తోపాటు బయటికి కొట్టుకుపోతోంది. టవర్ డీపీ (కిందకీ పైకీ మధ్య పీడనంలో తేడా) పెరిగిపోతోంది, గ్యాస్ లోడు తగ్గించుకోక తప్పడం లేదు. టవర్ చిన్నదైపోయిందని వాళ్లే నిర్ణయించుకున్నారు. పక్కనే రెండోది కట్టడానికి స్పెసిఫికేషన్ రాసివ్వమని మమ్మల్ని పిలిచారు.

శుభ్రమైన ఎమీన్ సాధారణంగా నురగ కట్టదు. ద్రవరూపంలో హైడ్రోకార్బన్ కలిసినా, తుప్పు రేణువులు చేరినా, ముందు లైన్లలో తుప్పు పట్టకుండా పోసే ఇన్హిబిటర్లు కొట్టుకొచ్చినా కడుతుంది. నురగ అణిచే యాంటీఫోమ్ పోస్తే ఒక పూట తగ్గుతుంది, అంతే. కంట్రోల్ రూమ్‌లో షిఫ్టు ఆపరేటర్ మన అమలాపురం వైపు కుర్రాడు. తెలుగులో పలకరించేసరికి కుర్చీ జరిపి టీ పోశాడు. "ఏంటండీ, పగలంతా బానే ఉంటదండీ. చలికాలం రాత్రిళ్లే ఈ గోల. తెల్లారేసరికి మళ్లీ మామూలే" అన్నాడు. క్లయింట్ పంపిన మందపాటి ఫైలులో రోజువారీ సగటులున్నాయి తప్ప ఈ సంగతి లేదు. సగటు తీశాక రాత్రీ లేదు, పగలూ లేదు.

గంటగంటకీ రాసిన లాగ్ షీట్లు తెప్పించుకున్నాం. రాత్రి రెండింటికి లోపలికొచ్చే గ్యాస్ 38 డిగ్రీలు, పైనుంచి దిగే లీన్ ఎమీన్ (పీల్చుకున్న వాయువుల్ని వదిలించుకుని తిరిగొచ్చినది) 33. ఉండాల్సింది తిరగేసి. ఎమీన్ ఎప్పుడూ గ్యాస్ కంటే ఐదారు డిగ్రీలు వేడిగా ఉండాలి. లేకపోతే టవర్ పైభాగంలో గ్యాస్ చల్లబడి అందులోని బరువైన హైడ్రోకార్బన్లు ద్రవంగా రాలతాయి. నురగకి అంతకంటే మంచి విత్తనం లేదు. ఎడారిలో శీతాకాలం రాత్రి గాలి ఎంత చల్లగా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్లకి తెలుసు. ఎమీన్‌ని చల్లార్చే ఫిన్-ఫ్యాన్ కూలర్లకి మాత్రం అన్ని ఫ్యాన్లూ ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉన్నాయి. ఉష్ణోగ్రత కంట్రోల్‌ని ఎవరో ఎప్పుడో మాన్యువల్‌లో పెట్టి వదిలేశారు. గ్యాస్ డ్యూ పాయింట్, అంటే ద్రవం రాలడం మొదలయ్యే ఉష్ణోగ్రత, లెక్కవేస్తే అదీ సరిపోయింది. రాత్రిళ్లు రెండు ఫ్యాన్లు ఆపండి, కంట్రోల్‌ని ఆటోలోకి తెండి, కార్బన్ ఫిల్టర్‌లో కార్బన్ మార్చండి, టవర్ వద్దు: ఇదీ మా రిపోర్టు. పన్నెండు పేజీలు. ప్రాజెక్ట్ మేనేజర్ దాన్ని చేత్తో తూచి, "దీనికా ఇంత ఫీజు?" అన్నాడు. కొత్త టవర్ కోసం శాంక్షన్ అయిన బడ్జెట్ వెనక్కి పోతుందన్నది ఆయన బాధ. కన్సల్టింగ్‌లో ఈ బాధ చాలా మామూలు. "వద్దు" అన్న మాట కంపెనీకి లాభం, ఎదురుగా కూర్చున్న మనిషికి నష్టం.

రిఫైనరీల్లో నా పని ఎక్కువగా ప్రీహీట్ ట్రెయిన్ల మీద, అంటే ఫర్నేస్‌కి ముందు క్రూడ్‌ని వేడిచేసే ఎక్స్‌ఛేంజర్ల వరసల మీద. ఇక్కడా కథ అదే, ఫర్నేస్ చాలడం లేదు, ఇంకోటి కావాలి అంటారు. 1970ల చివర్లో లిన్‌హాఫ్ వంటివాళ్లు రూపొందించిన పించ్ పద్ధతి ఉపయోగపడేది ఇక్కడే. బయటికి పోయే వేడి సరుకుతో లోపలికొచ్చే క్రూడ్‌ని ఎంతవరకు వేడిచేయొచ్చో ముందే గీత గీసి చూపిస్తుంది. చాలాచోట్ల రెండు మూడు ఎక్స్‌ఛేంజర్ల పైపింగ్ మారిస్తే చాలు. కాకపోతే కాగితం మీద పించ్ చేసినవాడికి ఫౌలింగ్ (ట్యూబుల్లో పేరుకునే మడ్డి) కనపడదు. చవగ్గా దొరికిందని పొంతన కుదరని రెండు క్రూడ్లు కలిపితే తారులాంటి ఆస్ఫాల్టీన్లు విడిపోయి ట్యూబులు మూసుకుపోతాయి, మన లెక్కలన్నీ గంగలో కలుస్తాయి.

అన్నిటికీ వద్దనలేదు. సేఫ్టీ వాల్వ్, ఫ్లేర్ (వదిలేసిన గ్యాస్‌ని కాల్చేసే గొట్టం) సైజుల దగ్గర ఒక్క అంగుళం తగ్గించడానికీ ఒప్పుకోలేదు. "తాత్కాలికంగా ఒక బైపాస్ వేసేద్దాం సార్, షట్‌డౌన్‌లో తీసేస్తాం" అని ఎవరన్నా అంటే నేను ఫ్లిక్స్‌బరో గురించి చెప్పేవాణ్ని. ఇంగ్లండ్‌లోని ఒక కెమికల్ ఫ్యాక్టరీ, 1974 జూన్ 1. వరసలో ఉన్న రియాక్టర్లలో ఐదోది పగులిచ్చిందని తీసేసి, నాలుగుకీ ఆరుకీ మధ్య 20 అంగుళాల పైపు బిగించారు. దానికి డిజైన్ లెక్క లేదు. డ్రాయింగ్ అంటే వర్క్‌షాప్ నేల మీద సుద్దముక్కతో గీసినదే. ఆ సమయానికి వర్క్స్ ఇంజనీర్ పోస్టు ఖాళీ. ఆ పైపు తెగి, పేలుడు జరిగి 28 మంది పోయారు. ఈ కథ విన్నాక కూడా "మనది చిన్న పైపే కదా" అన్నవాళ్లున్నారు. ఏం తప్పు జరగొచ్చో ముందే వెతికే హజాప్ మీటింగుల్లో ఉదయం నుంచి సాయంత్రం దాకా "ఫ్లో ఆగితే? ఎక్కువైతే? వెనక్కొస్తే?" అని ప్రతి లైనుకీ అడుగుతుంటే బిస్కెట్లు అయిపోతాయి, ఓపిక అయిపోతుంది. అయినా వెనక్కొస్తే అన్న ప్రశ్నకి మాత్రం గదిలో ఎవరో ఒకరు ఉలిక్కిపడతారు.

కట్టక తప్పనివి ఇంకొన్ని, డీజిల్‌లో సల్ఫర్ తగ్గించే యూనిట్లు. భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో బీఎస్-3లో 350 పీపీఎం (పది లక్షల్లో 350 పాళ్లు), బీఎస్-4లో 50, బీఎస్-6లో 10. ఫ్యాన్లు ఆపి, పైపులు మార్చి పదికి దిగలేం. హైడ్రోజన్‌తో సల్ఫర్‌ని తీసే హైడ్రోట్రీటర్లు, వాటికి హైడ్రోజన్ ప్లాంట్లు, తీసిన సల్ఫర్‌ని పట్టుకోవడానికి క్లాస్ (Claus) యూనిట్లు అన్నీ కావాలి. ఐదో మెట్టు ఎక్కకుండానే ఆరుకి దూకమని 2016లో ప్రభుత్వం చెప్పినప్పుడు రిఫైనరీలన్నిటిలోనూ టెన్షనే. 2020 ఏప్రిల్ 1 నాటికి ఇంధనం సిద్ధం. సరిగ్గా వారం ముందు లాక్‌డౌన్ వచ్చింది. అంత శుభ్రమైన డీజిల్ దేశమంతటా బంకుల్లోకి వచ్చిన రోజున పోయించుకోవడానికి రోడ్డు మీద బండ్లే లేవు. రాత్రింబవళ్లు పనిచేసిన కుర్రాళ్లకి కనీసం ఒక ఫోటో కూడా దక్కలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంటినుంచే చిన్న చిన్న రివ్యూలు చేస్తున్నాను. మన డిపార్ట్‌మెంట్ పిల్లలు ఫోన్ చేసి, రిఫైనరీలకి భవిష్యత్తు ఉందా సార్ అని అడుగుతారు. పెట్రోల్ తగ్గినా ఎక్స్‌ఛేంజరూ, కాలమూ, కంప్రెసరూ ఎక్కడికీ పోవు, హైడ్రోజన్ ప్లాంటులోనూ అవే ఉంటాయి అంటాను. వాళ్లకి ఆ జవాబు అంతగా నచ్చదు.

క్లయింట్లతో గోప్యత ఒప్పందాలున్నాయి కాబట్టి ఫైళ్లు ఇవ్వలేను. పేర్లు తీసేసి, అంకెలు మార్చి, ఫైనల్ ఇయర్ వాళ్లకి పనికొచ్చే లెక్కలుగా రాయడం మొదలుపెట్టాను. మొదటిది డిపార్ట్‌మెంట్‌కి పంపాను. 60 బార్ గ్యాస్ లైను, బయట 15 డిగ్రీలు, మంచు పడే ఊరు కాదు, అయినా తెల్లవారుజామున లైను హైడ్రేట్‌తో (నీరూ గ్యాసూ కలిసి మంచులా గట్టిపడేది) గడ్డకట్టింది. గ్యాస్‌లో తడిని పీల్చే గ్లైకాల్‌ని మరిగించే రీబాయిలర్ లాగ్ షీట్ కూడా జతచేశాను. సగటులు ఇవ్వలేదు.